ఒక్కసారైనా చూడవలసిన సినిమాలు: ఒక వైద్యుడి జాబితా

జీవితంలో ఒక్కసారైనా చూసి తీరవలసిన సినిమాలంటూ పత్రికలలోనూ టీవీలోనూ జాబితాలు వస్తూనే ఉంటాయి. వాటిలో మాయాబజార్ తప్పక ఉంటుంది, శంకరాభరణం ఉంటుంది. ఆ ఎంపికతో నాకు పేచీ లేదు. ఆ సినిమాలు చూడమని మీకు ప్రత్యేకంగా చెప్పవలసిన అవసరమూ లేదు. నేనిక్కడ చెప్పదలచినది వేరొక జాబితా. ఏది కళాఖండం, ఏది కాదు అని తేల్చే అర్హత నాకు లేదు. రోగం వచ్చినప్పుడు మనిషి ఎలా ప్రవర్తిస్తాడు, అతని ఇంటివాళ్ళు ఎలా ప్రవర్తిస్తారు అన్నది మాత్రం ఉద్యోగరీత్యా కొన్ని దశాబ్దాలపాటు దగ్గరినుంచి చూశాను. ఆ అనుభవంలోంచి వచ్చిన జాబితా ఇది.

మధుమేహం గురించీ రక్తపోటు గురించీ వ్రాసుకునే ఈ ముసలి డాక్టరుకు సినిమాల ఊసెందుకని మీరు అడగవచ్చు. ప్రభుత్వ ఆసుపత్రిలో ఉదయం ఓపీకి కూర్చున్న వైద్యుడి ముందు వందమందికి తక్కువ కాకుండా వరుసలో నిలబడి ఉంటారు. ఒక్కొక్కరికి రెండు నిమిషాలు దొరికితే గొప్ప. ఆ రెండు నిమిషాలలో నాడి చూడగలం, మందు వ్రాయగలం. రోగం గురించి రోగి మనసులో ముందే నాటుకుపోయిన అభిప్రాయాన్ని మార్చడం మాత్రం సాధ్యం కాదు. ఆ అభిప్రాయం ఎక్కడినుంచి వచ్చింది? మా హాలియా చుట్టుపక్కల పల్లెలలో నా తరంవారికి అది చాలావరకు సినిమాహాలు నుంచి వచ్చింది. టూరింగ్ టాకీసు డేరాలో నేలమీద కూర్చుని చూసిన సినిమా రెండున్నర గంటలు పాఠం చెబుతుంది, అదీ పాటలతో. డాక్టరు రెండు నిమిషాలలో దానితో పోటీపడలేడు.

ఆ పాఠంలో తప్పులు చాలా ఉన్నాయి. క్యాన్సర్ అంటే దగ్గు, చేతిరుమాలు మీద రక్తపు మరక, ఆ తర్వాత మరణం. గుండెనొప్పి వస్తే చెయ్యి ఎదమీద పెట్టుకుని కుప్పకూలాలి. అలా కూలకపోతే అది గ్యాసు. ఎడమ భుజం లాగుతున్నా, చెమటలు పడుతున్నా సోడా తాగి పడుకున్న రైతులను సగం రాత్రివేళ ఆసుపత్రికి మోసుకురావడం నేనెన్నోసార్లు చూశాను. కుష్ఠు మాట చెప్పనే అక్కరలేదు. నాగభూషణం గారు ఊరూరా వేలసార్లు ప్రదర్శించిన రక్తకన్నీరు నాటకం, దానికి మాతృక అయిన తమిళ నాటకం, 1954లో వచ్చిన తమిళ సినిమా, అన్నీ కుష్ఠును చెడు తిరుగుళ్ళకు శిక్షగానే చూపించాయి. నటన అమోఘం, సందేహం లేదు. కాని ఆ రోగానికి కారణం ఒక సూక్ష్మజీవి అని నార్వే వైద్యుడు హాన్సెన్ 1873లోనే కనుగొన్నాడు. బహుళ ఔషధ చికిత్సతో 1980 దశకం నుంచి అది పూర్తిగా నయమవుతున్నది. అయినా వీపుమీద స్పర్శ లేని మచ్చ కనబడితే మనవాళ్ళు మొదట చేసే పని చొక్కా వేసుకుని దాన్ని కప్పేయడమే. పాపానికి శిక్ష అని ఒకసారి మనసులో పడ్డాక ఎవరు చూపించుకుంటారు?

ఈ కప్పిపుచ్చడమే నా దృష్టిలో మన అసలు జబ్బు. మందులు లేక పోయిన ప్రాణాలకంటే దాచిపెట్టడం వల్ల పోయినవి నేనెక్కువ చూశాను. కాబట్టి దాచినదాన్ని బయటకు తీసిన సినిమాలు నా జాబితాలో ముందుంటాయి.

అక్కినేని నాగేశ్వరరావు గారితో మొదలుపెడతాను. 1981లో దాసరి నారాయణరావు గారు తీసిన ప్రేమాభిషేకం మీలో చాలామంది చూసే ఉంటారు. అందులో కథానాయకుడికి క్యాన్సర్ అని తెలుస్తుంది. ప్రేమించిన అమ్మాయికి ఆ సంగతి చెప్పడు. ఆమె తనను అసహ్యించుకునేలా ప్రవర్తించి దూరం చేస్తాడు. దాన్ని త్యాగమని మనమందరం కన్నీళ్ళు పెట్టుకున్నాం. మాతృదేవోభవ, గీతాంజలి వంటివి తర్వాత వచ్చాయి. వాటిలోనూ క్యాన్సర్ కథను ముగించడానికే పనికివచ్చింది. ఇప్పుడు 2013 అక్టోబరుకు రండి. అదే నాగేశ్వరరావు గారు, దాదాపు తొంభయ్యేళ్ళ వయసులో, పత్రికలవారిని పిలిచి తనకు క్యాన్సర్ వచ్చిందని తానే చెప్పారు. దాపరికం లేదు, దీనత్వం లేదు. అప్పటికి మనం సినిమాలో నటిస్తున్నారు. ఆరోగ్యం క్షీణిస్తున్నా తన పాత్రకు డబ్బింగ్ ఇంట్లోనే పూర్తిచేశారు. 2014 జనవరి 22న కన్నుమూశారు. అదే ఏడాది మే నెలలో సినిమా విడుదలైంది.

మనం కథలో క్యాన్సర్ లేదు. అది పునర్జన్మల కథ, సరదాగా సాగుతుంది. అయినా నేను దాన్ని ఈ జాబితాలో పెడుతున్నాను. ఆ వృద్ధుడి ముఖం చూస్తూ, ఈ మనిషికి తన రోగం తెలుసు, లోకానికి చెప్పాడు, చెప్పాక పని చేస్తూనే ఉన్నాడు అని జ్ఞాపకం పెట్టుకుని చూడండి. ప్రేమాభిషేకం చూసినవారు మనం తప్పక చూడాలి. రొమ్ములో గడ్డ తగిలినా, ముట్లు ఆగిపోయిన తర్వాత మళ్ళీ రక్తస్రావం కనబడినా, నోటిలో పుండు మూడు వారాలు దాటినా మానకపోయినా వెంటనే వచ్చి చూపించుకుంటే చాలావరకు బాగుచేయవచ్చు. రోగం ముదిరిన తర్వాత వచ్చినవారిని ఇన్నాళ్ళూ ఏమి చేశారని అడిగితే వచ్చే జవాబు ఒక్కటే, ఇంట్లో ఎవరికీ చెప్పలేదని.

రోగి దాచడం ఒక ఎత్తు, రోగినుంచి దాచడం మరో ఎత్తు. పరీక్షల ఫలితాలు రాగానే కొడుకో అల్లుడో గదిలోకి వచ్చి తలుపు దగ్గరగా వేసి, "సారూ, ఆయనకైతే చెప్పకుండ్రి, తట్టుకోలేడు" అంటారు. బయట బెంచీమీద కూర్చున్న పెద్దాయన ఆ మూసిన తలుపునే చూస్తూ ఉంటాడు. అతనికి అప్పటికే సగం తెలిసిపోయి ఉంటుంది. ఈ ఘట్టాన్ని నాకంటే బాగా తెలిసినవాడు జపాన్ దర్శకుడు అకిర కురొసావా. 1952లో ఆయన తీసిన ఇకిరు అనే సినిమా ఉంది. ఆ మాటకు జపాను భాషలో జీవించడమని అర్థం. వతనాబె ఒక నగరపాలక కార్యాలయంలో విభాగాధికారి. మూడు దశాబ్దాలు కాగితాలమీద ముద్రలు వేస్తూ గడిపాడు. కడుపునొప్పితో ఆసుపత్రికి వెళతాడు. అక్కడ కూర్చున్న మరొక రోగి అతనికి మాటల్లో చెబుతాడు, మీకు కడుపులో క్యాన్సర్ ఉంటే డాక్టర్లు ఫలానా విధంగా మాట్లాడతారు, చిన్నపుండే అంటారు, ఇష్టమైనవి తినమంటారు అని. లోపలికి వెళ్ళాక డాక్టరు అక్షరం పొల్లుపోకుండా ఆ మాటలే అంటాడు. ఆ సమయంలో వతనాబెగా నటించిన తకాషి షిమురా కళ్ళు చూడండి. వైద్య విద్యార్థులందరికీ మొదటి సంవత్సరంలోనే ఆ ఘట్టం చూపించాలని నా కోరిక.

ఆ రోజుల్లో జపానులో క్యాన్సర్ రోగికి నిజం చెప్పకపోవడమే ఆచారం. మన దగ్గర ఇప్పటికీ చాలావరకు అదే. కాని ఆ కథలో, తనకు మిగిలింది కొద్ది నెలలేనని గ్రహించిన తర్వాతే వతనాబె బతకడం మొదలుపెడతాడు. మొదట తాగుతాడు, డబ్బు తగలేస్తాడు, అందులో ఏమీ దొరకదు. తర్వాత తన బల్లమీదే పడి ఉన్న ఒక పాత అర్జీ గుర్తుకు వస్తుంది. ఒక పేటలోని తల్లులు పెట్టుకున్న అర్జీ అది. మురుగు నిలిచిన గుంటవల్ల దోమలు, దుర్వాసన, పిల్లలకు జబ్బులు. దాన్ని పూడ్చి ఆడుకునే స్థలం కట్టించమని వాళ్ళు అడిగితే ప్రతి విభాగమూ మరో విభాగానికి పంపింది. మిగిలిన ఊపిరినంతా అతను ఆ ఒక్క పనిమీద పెడతాడు. ప్రభుత్వోద్యోగం చేసినవాడిగా చెబుతున్నాను, దస్త్రం ఒక గది నుంచి మరో గదికి తిరగడాన్ని అంత నిజంగా చూపించిన సినిమా మరొకటి నేను చూడలేదు. సగం కథ అతని చావు తర్వాత నడుస్తుంది, మొదటిసారి చూసేవారికి కాస్త తికమకగా ఉండవచ్చు. ఓపిక పట్టండి.

నిజం చెప్పాలన్నానని ఆసుపత్రి వసారాలో నిలబెట్టి రోగి నెత్తిన బండ వేసినట్లు చెప్పమని నా ఉద్దేశం కాదు. ఎంతవరకు తెలుసుకోవాలని ఉందో ముందు అతన్నే అడగాలి. కొందరు వద్దంటారు, అది వారి హక్కు. ఎక్కువమంది తెలుసుకోవాలనే అనుకుంటారు. భూమి కాగితాలు, పిల్లల పెళ్ళిళ్ళు, బాకీలు, తమ్ముడితో తెగిపోయిన మాటలు, వీటిని సర్దుకోవడానికి మనిషికి వ్యవధి కావాలి. మాతృదేవోభవలో తల్లి చేసిన పని అదే కదా. తాను బతకనని తెలుసుకుని పిల్లలకు ఇళ్ళు వెతుకుతుంది. ఆ సినిమా చూసి ఏడ్చినవారు ఆమెకు నిజం తెలిసి ఉండకపోతే ఆ పిల్లలు ఏమయ్యేవారని కూడా ఒకసారి ఆలోచించండి.

ఇక మన జిల్లాకు వస్తాను. మల్లేశం సినిమా 2019లో వచ్చింది. రాజ్ రాచకొండ దర్శకుడు, ప్రియదర్శి కథానాయకుడు. పాత నల్లగొండ జిల్లాలోని ఆలేరు దగ్గర శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం గారి జీవితకథ ఇది. ఆయన చదువు మధ్యలో మానేసిన చేనేత కార్మికుడు. తల్లి ఆసు పోస్తుంది. ఆసు అంటే తెలియనివారికి చెబుతాను. చిటికి రంగులద్దే చీరకు ముందుగా నూలును ఒకవైపు ఒక మేకుకు, మరోవైపు వరుసగా ఉన్న మేకులకు చుట్టాలి. చెయ్యి ఇటునుంచి అటు, అటునుంచి ఇటు తిరుగుతూనే ఉండాలి. ఒక్క చీరకు వేలసార్లు. ఈ పని ఇంట్లో ఆడవాళ్ళది. ఆ తల్లికి భుజం పడిపోతుంది. కొడుకు ఆ నొప్పి చూడలేక యంత్రం చేయాలని పట్టుబడతాడు. అప్పులు చేస్తాడు, ఊరు నవ్వుతుంది, ఏళ్ళు గడుస్తాయి. 1999లో యంత్రం పూర్తయింది. దానికి తల్లి పేరు కలిపి లక్ష్మీ ఆసు యంత్రమన్నాడు. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది.

సినిమాను ఒక ఆవిష్కర్త విజయగాథగా అందరూ మెచ్చుకున్నారు. డాక్టరుగా నేను చూసింది ఆ భుజాన్ని. అటువంటి భుజాలు, అటువంటి నడుములు నా బల్లముందు కూర్చుని వెళ్ళాయి. మా సాగర్ ఎడమ కాలువ కింద వరినాట్ల కాలంలో పొద్దున్నించి సాయంత్రందాకా వంగి నాటు వేసిన ఆడకూలీలు, మిర్యాలగూడ రైస్ మిల్లుల్లో బస్తాలు మోసిన హమాలీలు. "రెక్కలు గుంజుతున్నయ్ సారూ" అంటారు. మేము నొప్పి మాత్ర వ్రాస్తాం, నాలుగు రోజులు విశ్రాంతి తీసుకోమంటాం. విశ్రాంతి తీసుకుంటే కూలి ఎవరిస్తారు? అందుకని పనికి వెళుతూనే ఊళ్ళో ఆర్‌ఎంపీ దగ్గర సూది వేయించుకుంటారు, మందుల దుకాణంలో చీటీ లేకుండా మాత్రలు కొంటారు. అలా నెలల తరబడి, ఏళ్ళ తరబడి మింగిన నొప్పి మాత్రలు కడుపులో పుండ్లు చేస్తాయి, మూత్రపిండాలను దెబ్బతీస్తాయి. భుజంనొప్పితో మొదలైన మనిషి డయాలసిస్ దాకా వెళ్ళిన సందర్భాలున్నాయి. రోగం భుజంలో లేదు, పని చేసే పద్ధతిలో ఉంది. మల్లేశం ఆ సంగతి గ్రహించి పద్ధతినే మార్చాడు. ఏ డాక్టరూ వ్రాయలేని మందు అది.

ఇంకొక మాట. ఆ తల్లి ఏళ్ళ తరబడి నొప్పిని నోరువిప్పి చెప్పదు. ఇంట్లో మగవాళ్ళకు అది కనబడదు కూడా. ఈ సినిమాను భార్యతోనో తల్లితోనో కలిసి చూడండి, చూశాక నీకెక్కడ నొప్పి ఉందని అడగండి. జవాబు విని మీరు ఆశ్చర్యపోవచ్చు.

మయూరి 1985లో వచ్చింది. సింగీతం శ్రీనివాసరావు గారి దర్శకత్వం, ఉషాకిరణ్ మూవీస్ నిర్మాణం. సుధాచంద్రన్ తన కథలో తానే నటించారు. ఆమె 1981లో తమిళనాడులో బస్సు ప్రమాదానికి గురయ్యారు. గాయపడిన కాలు కుళ్ళు పట్టి, చివరకు మోకాలి కింద తీసివేయవలసి వచ్చింది. అప్పటికే ఆమె నాట్యం నేర్చిన పిల్ల. జైపూర్ పాదం అమర్చుకుని, నొప్పితో, రక్తంతో సాధన చేసి మళ్ళీ వేదిక ఎక్కారు. ఈ కథ చాలామందికి తెలిసినదే. కాని జైపూర్ పాదం ప్రత్యేకత ఏమిటో తెలిసినవారు తక్కువ. పాశ్చాత్య దేశాల కృత్రిమ పాదాలు బూటు వేసుకుని కుర్చీలో కూర్చునేవారికోసం తయారయ్యాయి. రాంచంద్ర శర్మ అనే శిల్పి, డాక్టర్ ప్రమోద్ కరణ్ సేఠీ కలిసి రబ్బరుతో రూపొందించిన ఈ పాదంతో బాసింపట్టు వేసుకుని కూర్చోవచ్చు, గొంతుకు కూర్చోవచ్చు, చెప్పులు లేకుండా పొలంగట్టున బురదలో నడవవచ్చు. మనలాంటివారికోసం చేసిన కాలు అది. సేఠీ గారికి 1981లో రామన్ మెగసెసే పురస్కారం లభించింది.

సూర్యాపేట, కోదాడ మీదుగా పోయే హైదరాబాద్-విజయవాడ రహదారి ఎన్ని కాళ్ళు తీసుకుందో మీకు తెలియనిది కాదు. ఇప్పుడు దానికి తోడు మధుమేహం. చక్కెర జబ్బువాళ్ళ పాదానికి స్పర్శ తగ్గుతుంది. ముల్లు గుచ్చుకున్నా తెలియదు, పుండు పడినా నొప్పి ఉండదు, నొప్పి లేదు కాబట్టి పట్టించుకోరు. చివరికి కాలు తీయాలంటే, కాలు లేని బతుకెందుకని సంతకం పెట్టకుండా ఆసుపత్రినుంచి లేచిపోతారు. వారం తర్వాత విషం రక్తంలోకి ఎక్కాక తిరిగివస్తారు, లేదా రారు. అటువంటివారి ఇంట్లో ఈ సినిమా ఒక్కసారి వేసి చూపించండి. ఆపరేషన్ గురించి నేను గంటసేపు చెప్పే మాటలకంటే, కృత్రిమ పాదంతో ఆడుతున్న ఆ అమ్మాయి మేలు.

సావిత్రి గారి సినిమాలు మూడు చెబుతాను, ఈ వరుసలో చూడాలి. మొదటిది 1953 నాటి దేవదాసు. వేదాంతం రాఘవయ్య గారి దర్శకత్వంలో నాగేశ్వరరావు గారు దేవదాసు, సావిత్రి పార్వతి. గొప్ప చిత్రమే, కాని తాగుడును ఇంత అందంగా చూపించిన మరొక చిత్రం తెలుగులో లేదు. ప్రేమ విఫలమైతే సీసా పట్టుకోవడం మగవాడి హక్కు అన్నట్లుగా మూడు తరాలు నేర్చుకున్నాయి. చివర ఆ కాలేయం ఏ స్థితిలో ఉంటుందో డాక్టరుకు తెలుసు, పాట పాడుకునేవాడికి తెలియదు. రెండవది 2018 నాటి మహానటి. నాగ్ అశ్విన్ దర్శకత్వంలో కీర్తి సురేష్ సావిత్రిగా నటించారు. ఆ నాటి పార్వతే ఈ కథలో తాగుడుకు బలి అవుతుంది. మద్యం, మధుమేహం కలిసి ఆమెను కూలదోశాయి. పందొమ్మిది నెలలు స్పృహ లేకుండా పడి ఉండి 1981 డిసెంబరు 26న మరణించారు. దేవదాసు తాగితే విషాదం, సావిత్రి తాగితే గుసగుస. ఇదేం న్యాయమో నాకు అర్థం కాదు. కాలేయానికి ఆడా మగా భేదం లేదు. నిజానికి అదే మోతాదుకు ఆడవారి శరీరం ఇంకా త్వరగా దెబ్బతింటుంది.

తాగుడు ఒక వ్యాధి. ఒట్టు పెట్టించుకుంటే, గుడిలో మాల వేయిస్తే కొందరికి తగ్గవచ్చు. కాని ఏళ్ళ తరబడి రోజూ తాగినవాడు ఒక్కసారిగా మానేస్తే రెండు మూడు రోజుల్లో చేతులు వణకడం, లేనివి కనబడడం, మూర్ఛలు రావచ్చు. ప్రాణం కూడా పోవచ్చు. మాన్పించాలనుకునేవారు ఆసుపత్రి అండతో మాన్పించండి.

సావిత్రి గారి మూడవ సినిమా 1960లో వచ్చిన చివరకు మిగిలేది. బుచ్చిబాబు గారి నవల పేరే కాని కథ దానిది కాదు. బెంగాలీలో సుచిత్రా సేన్ నటించిన దీప్ జ్వేలే జాయ్ దీనికి మూలం. మానసిక వైద్యశాలలో నర్సు, రోగిని బాగుచేయడానికి ప్రేమ నటించమని పైవారు చెబితే నటిస్తుంది. నటన ఎక్కడ ఆగి మనసు ఎక్కడ మొదలైందో ఆమెకే తెలియకుండా పోతుంది. రోగి కోలుకుని వెళ్ళిపోతాడు, నర్సు మతి చలిస్తుంది. ఆ చికిత్సా పద్ధతి శుద్ధ తప్పు, ఈనాడు ఎవరైనా అలా చేస్తే ఉద్యోగం పోతుంది. కాని సేవ చేసేవారు కూడా అలసిపోతారన్న సంగతిని అరవై ఏళ్ళ క్రితమే తెలుగు తెరమీద చూపించారు. పక్షవాతం వచ్చిన అత్తకు పదేళ్ళు చాకిరీ చేసిన కోడలి ఆరోగ్యం ఎలా ఉందని మనలో ఎంతమంది అడిగాం?

ముసలితనం మాట వచ్చింది కాబట్టి మిథునం పేరు కూడా చెప్పి ముందుకు పోతాను. శ్రీరమణ గారి కథ, తనికెళ్ళ భరణి గారి దర్శకత్వం, 2012. తెరమీద ఇద్దరే మనుషులు. పిల్లలు అమెరికాలో ఉన్న దంపతులు చూసి తీరాలి. అందులో అప్పదాసు తినే తిండిని మాత్రం పథ్యంగా తీసుకోకండి, నాకు ఫోన్లు వస్తాయి.

ఆఖరున చెబుతున్నది ఈ జిల్లావాడిగా నాకు అన్నిటికంటే దగ్గరైన సినిమా. సత్యజిత్ రాయ్ 1983లో గుండెపోటు వచ్చిన తర్వాత కొన్నేళ్ళపాటు సినిమాలకు దూరంగా ఉండి, తిరిగి వచ్చి తీసినది గణశత్రు. వైద్యుల సలహా వల్ల ఎక్కువభాగం నాలుగు గోడల మధ్యే చిత్రీకరించారు. నాటకంలా ఉందని విమర్శకులు పెదవి విరిచారు, ఆ మాట నిజమే. నార్వే రచయిత ఇబ్సెన్ 1882లో వ్రాసిన నాటకమే దానికి ఆధారం. కథ ఇది. ఒక చిన్న పట్టణంలో డాక్టర్ అశోక్ గుప్తా కామెర్లు ప్రబలుతున్నాయని గమనిస్తాడు. పరీక్ష చేయిస్తే అక్కడి ప్రసిద్ధ ఆలయపు తీర్థంలోనే కాలుష్యం ఉన్నట్లు తేలుతుంది. ఆలయాన్ని కొంతకాలం మూసి గొట్టాలు బాగుచేయమంటాడు. ఆ ఊరికి యాత్రికులే ఆదాయం. పురపాలక సంఘం అధ్యక్షుడు స్వయానా అతని తమ్ముడు. పత్రిక సంపాదకుడు మొదట వెంట నిలబడి తర్వాత వెనక్కు తగ్గుతాడు. బహిరంగ సభలో నీళ్ళ ప్రస్తావన పోయి డాక్టరు మతవిశ్వాసం చర్చకు వస్తుంది. ప్రజలకోసం మాట్లాడినవాడు ప్రజాశత్రువు అవుతాడు.

నీళ్ళలో ఉన్నదాన్ని బయటపెట్టడం ఎంత కష్టమో నల్లగొండవారికి వేరే చెప్పాలా? 1955 డిసెంబరులో నాగార్జునసాగర్‌కు పునాదిరాయి పడింది. అదే ఏడాది బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో నల్లగొండ జిల్లా ఫ్లోరోసిస్ గురించి సిద్దిఖీ అనే వైద్యుడి వ్యాసం అచ్చయింది. వెన్నుపూసలు ఒకదానికొకటి అతుక్కుపోయి కర్రలా బిగిసిన మనుషుల గురించి అప్పటికే లోకానికి తెలుసు. పటిక, సున్నంతో నీటిలో ఫ్లోరైడు తగ్గించే పద్ధతిని నాగపూర్‌లోని పరిశోధన సంస్థ రూపొందించింది. దానికి నల్లగొండ పద్ధతి అనే పేరు. దేశంలో ఎంబీబీఎస్ చదివే ప్రతి విద్యార్థీ ఆ పేరు పాఠ్యపుస్తకంలో చదువుకుని పరీక్ష వ్రాస్తాడు. మన జిల్లా పేరు వైద్యశాస్త్రంలోకి ఎక్కిన తీరు అది. సాగర్ కాలువ పారే మా హాలియా వైపు ఒక బతుకు, కొన్ని పదుల కిలోమీటర్ల అవతల బోరునీళ్ళమీద ఆధారపడిన మర్రిగూడ, మునుగోడు, చండూరు వైపు మరొక బతుకు. ముప్ఫయ్యేళ్ళకే నడుము వంగిన మనుషులు, మోకాళ్ళు వంకరపోయిన పిల్లలు. నీళ్ళకోసం గొంతెత్తినా ఎవరూ వినకపోతే, 1996 లోక్‌సభ ఎన్నికలలో నల్లగొండ స్థానానికి ఏకంగా 480 మంది పోటీలో నిలిచారు. బ్యాలెట్ పత్రం పుస్తకమంత అయింది. అప్పుడు దేశం తల తిప్పి చూసింది.

గణశత్రులో డాక్టరు ఒంటరిగా ఉన్నాడనుకునే సమయానికి బయటనుంచి యువకుల కేకలు వినిపిస్తాయి, వాళ్ళు అతని పేరే పలుకుతుంటారు. ఇబ్సెన్ నాటకంలో ఆ ఓదార్పు లేదు, రాయ్ చేర్చారు. అది సినిమాకు బలమా బలహీనతా అని పెద్దలు వాదించుకున్నారు. నాకు మాత్రం ఆ 480 నామినేషన్లే గుర్తుకు వచ్చాయి.

భగీరథ నీళ్ళు వచ్చాక పరిస్థితి మెరుగైంది. కాని చాలా ఇళ్ళలో ఇంకా పెరటి బోరునీళ్ళు రుచిగా ఉన్నాయని తాగుతున్నారు, వాటితోనే వంట చేస్తున్నారు. ఫ్లోరైడుకు రంగు లేదు, వాసన లేదు. మరిగిస్తే పోదు సరికదా, నీరు ఆవిరై మిగిలిన నీళ్ళలో దాని పాలు ఇంకా పెరుగుతుంది. లీటరుకు ఒక మిల్లీగ్రాము లోపు ఉంటే మంచిది, ఒకటిన్నర దాటితే తాగకూడదు. ఎనిమిదేళ్ళ లోపు పిల్లలున్న ఇంట్లో ఇది మరీ ముఖ్యం, వాళ్ళ శాశ్వత దంతాలు అప్పుడే తయారవుతుంటాయి. గ్రామీణ నీటి సరఫరా విభాగపు ప్రయోగశాలకు శుభ్రమైన ప్లాస్టిక్ సీసాలో ఒక లీటరు నీళ్ళు తీసుకువెళ్ళి పరీక్ష చేయించండి. గణశత్రు చూసేది ఆ తర్వాతయినా పరవాలేదు.